బలమున్నదని బరువు పెంచుదుమా?



మన తెలుగు బాప్టిస్టు సంఘాల్లో నర్సమ్మ లేని సంఘం అరుదు. ఊరు విడిచి వచ్చి ఏ నగరంలో స్థిరపడినా, ఏ దేశంలో కూడుకున్నా, నైటు డ్యూటీ ముగించుకొని మండే కళ్ళతో ఆదివారం ఆరాధనకు వచ్చి కూర్చునే సహోదరి ఒకరు మన మధ్య ఉంటారు. దీనికి కారణం లేకపోలేదు. 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను పని ఆరంభమైన తరువాత గోదావరి ప్రాంతంలో గుడి, బడి, ఆసుపత్రి ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. పిఠాపురంలోని ఆసుపత్రి, రామచంద్రపురంలోని కుష్ఠు వ్యాధిగ్రస్తుల ఆశ్రమం ఆ పనిలోనివే. దక్షిణాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నడిపారు. చదువు, జీతం, గౌరవం మూడూ మన ఆడపిల్లలకు తెచ్చిపెట్టిన వృత్తుల్లో నర్సింగు ముందు వరుసలో ఉంది.

కనుక ఇప్పుడు ఎత్తుకున్న ప్రశ్న పరాయి ఇంటిది కాదు, మన ఇంటిదే. రోగులను చూసుకునేవారిని ఎవరు చూసుకోవాలి? ఎలా చూసుకోవాలి? వారి లోపాలను వెదకడం మాని, వారిలోని బలాన్ని గుర్తించి ప్రోత్సహించడమే సరియైన మార్గమని ఈ రోజుల్లో చాలామంది చెబుతున్నారు. ఆ మాటలో ఎంత నిజముంది, ఎక్కడ ప్రమాదముంది అన్నది కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

ఈ మాటలు కనకాలపేట నుంచి రాస్తున్నాను. తెలియనివారి కోసం చెప్పాలంటే, కనకాలపేట యానాంలోని ఒక ఊరు. యానాం అంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, పాలన మాత్రం ఎంతో దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2024 ఫిబ్రవరి 25న జిప్మెర్ వారి 90 పడకల వైద్య విభాగాన్ని కూడా యానాంలో ప్రధానమంత్రి ప్రారంభించారు. గోదావరి వరదలూ తుఫానులూ ఎరిగిన ఈ ప్రాంతానికి అటువంటి కట్టడాలు, యంత్రాలు ఎంతైనా అవసరమే. అయితే పడకలు లెక్కపెట్టినంత సులువుగా, ఆ పడకల పక్కన నిలబడే మనుషుల మనస్సులను లెక్కపెట్టలేము.

ఒక నర్సును ఊహించుకుందాం. ఆమె కనకాలపేట నుంచి బస్సెక్కి కాకినాడలో ఒక ఆసుపత్రికి వెళ్ళి వస్తుంది. రాత్రి డ్యూటీ. వార్డులో ఒకరికి సెలైన్ అయిపోవస్తుంది, ఇంకొకరికి ఊపిరి ఆడదు, మూడో మంచం అటెండెంటు డాక్టరు ఇంకా ఎందుకు రాలేదని కేకలు వేస్తాడు. ఉదయం ఇంటికి చేరాక వంట, పిల్లల బడి, అత్తగారి మందులు. ఇంతలోనూ ఆమె ముసలివాళ్ళను ఒక్క కసురు మాట అనదు. ఆమె ఓపికకు పెట్టింది పేరు. అందుచేత ఎవరైనా సెలవు పెట్టినప్పుడల్లా పై అధికారి ఆమెను పిలిచి, "నువ్వయితేనే సర్దగలవమ్మా" అని ఇంకొక డ్యూటీ అప్పగిస్తారు.

"నువ్వయితేనే సర్దగలవు." ఇది మెచ్చుకోలా, మోపు చేసి నెత్తికెత్తడమా? అన్నవారి మనస్సులో కల్మషం ఉండకపోవచ్చు. వారికీ మనుషులు చాలడం లేదు. అయినా ఆ మాటతో ఆమె మంచితనమే ఆమెకు అదనపు బరువయింది. ఓపిక లేనివారికి విశ్రాంతి దొరికింది, ఓపిక ఉన్నవారికి రెండో డ్యూటీ దొరికింది. మన ప్రశ్న ఇక్కడే పుడుతున్నది. ఒకరి బలాన్ని చూడడం వేరు, ఆ బలాన్ని వాడుకోవడం వేరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ?

ముందుగా బలాన్ని చూడమనే ఆలోచన ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. అంతకు ముందున్న పద్ధతి తప్పులు పట్టే పద్ధతి. కేసు షీటు సరిగా రాయలేదేమి, ఇంజెక్షను ఆలస్యమయిందేమి, రోగి బంధువులు ఫిర్యాదు చేశారేమి అని అడగడమే పర్యవేక్షణ అనిపించుకొనేది. ఈ పద్ధతికి మనిషి ఎలా స్పందిస్తాడో లండనులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇసబెల్ మెన్జీస్ అనే పరిశోధకురాలు గమనించి 1960 ప్రాంతంలో ప్రచురించారు. అక్కడ నర్సు ఒకే రోగికి దగ్గర కాకుండా పనిని ముక్కలు ముక్కలుగా విడదీశారు. రోగిని పేరుతో కాక మంచం నెంబరుతోనో, జబ్బు పేరుతోనో పిలిచేవారు. నిద్రమాత్ర ఇవ్వడానికి నిద్రపోతున్న రోగిని లేపడం కూడా ఆమె చూశారు. ఇదంతా నర్సుల కఠినత్వం వల్ల జరిగింది కాదని ఆమె తేల్చారు. నొప్పిని, మరణాన్ని రోజూ దగ్గరగా చూసేవారికి కలిగే ఆందోళన నుంచి తప్పించుకోవడానికి ఆసుపత్రి కట్టుకున్న గోడ అది. కాని ఆ గోడ నర్సును కాపాడలేదు. రోగిని మాత్రం దూరం చేసింది.

తరువాత 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్ర నిపుణుడు న్యూయార్కులో ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవారిని చూసి, లోపలి నుంచి కాలిపోయినట్లయ్యే స్థితికి 'బర్నవుట్' అనే పేరు వాడుకలోకి తెచ్చారు. గమనించండి, ఆయన చూసినవారు బద్ధకస్తులు కారు. అందరికంటె ఎక్కువ ఆసక్తితో పనిలోకి దిగినవారే ముందుగా కాలిపోయారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను చేర్చినప్పుడు, దానిని జబ్బుగా కాక పనిచేసే చోటికి సంబంధించిన స్థితిగా పేర్కొన్నది. అంటే దీపం ఆరిపోతుంటే వత్తిని మాత్రమే తప్పుపట్టరాదు, చమురు ఎవరు పోయాలో కూడా అడగాలి.

ఈ నేపథ్యంలోనే బలాన్ని చూసే పద్ధతి వచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రిలో 1980 తరువాతి సంవత్సరాల్లో డేవిడ్ కూపర్‌రైడర్ అనే విద్యార్థి పరిశోధన చేస్తున్నాడు. అక్కడ ఏమి చెడిపోయిందో వెదకడానికి వెళ్ళినవాడు, అక్కడివారు ఒకరికొకరు సహకరించుకొనే తీరు చూసి ఆశ్చర్యపడ్డాడు. ఆయన గురువు సురేశ్ శ్రీవాస్తవ భారతదేశంలో పుట్టినవారు. ఆయన ప్రోత్సాహంతో ప్రశ్ననే తిప్పి అడిగాడు: ఇక్కడ బాగా జరుగుతున్నది ఏమిటి, అది ఎందువల్ల జరుగుతున్నది? ఈ విధానాన్ని వారిద్దరూ 1987లో ఒక వ్యాసంగా ప్రచురించారు. 1992లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్నిస్ సలీబీ సంఘ సేవా రంగంలో ఇదే దృష్టిని వివరిస్తూ ఒక గ్రంథాన్ని వెలువరించారు. కష్టంలో ఉన్న మనిషి కూడా ఖాళీ పాత్ర కాదు, అతని దగ్గరా నేర్పు, అనుభవం, బంధుత్వాలు, ఆశ ఉన్నాయి, సహాయం అక్కడి నుంచే మొదలుకావాలి అన్నది ఆ దృష్టి సారాంశం.

దీనిని మన వార్డుకు అన్వయించి చూద్దాం. ఇన్‌ఛార్జి సిస్టరు ఆ నర్సును పిలిచి, "నిన్న రాత్రి అంత ఒత్తిడిలో ఆ మామ్మగారిని అంత నెమ్మదిగా ఎలా చూసుకోగలిగావు? నీకు ఏది తోడ్పడింది?" అని అడిగారనుకోండి. ఆమె ఏమి చెప్పవచ్చు? "మా ఆయాగారు అడగకుండానే పక్క మంచం చూసుకున్నారండి. డ్యూటీ డాక్టరు ఫోనుకు వెంటనే పలికారు. రెండు గంటలప్పుడు పది నిమిషాలు కూర్చుని టీ తాగాను" అనవచ్చు. చూడండి, ఆమె బలాన్ని గురించి అడిగితే జవాబులో ముగ్గురు మనుషులు, పది నిమిషాల విశ్రాంతి బయటపడ్డాయి. ఆమె ఓపిక ఆమె ఒక్కదానిదే కాదు. దానికి వేళ్ళున్నాయి, ఆ వేళ్ళకు నీళ్ళు అందించేవారున్నారు. ఇప్పుడు ఆ అధికారికి ఏమి చేయాలో తెలుస్తుంది. ఆ ఆయాను ఆ షిఫ్టులోనే ఉంచాలి. ఆ పది నిమిషాలను ఎవరూ లాగుకోకుండా కాపాడాలి.

బలాన్ని చూడడానికీ వాడుకోవడానికీ మధ్య గీత ఇదేనని నా మనవి. బలాన్ని వాడుకొనేవాడు మెచ్చుకొని అక్కడితో ఆగిపోతాడు. నిజంగా చూసేవాడు ఇంకొక అడుగు వేసి రెండు ప్రశ్నలు అడుగుతాడు: ఈ బలం నీకు ఎక్కడి నుంచి వస్తున్నది? దీనికి నీవు ఏమి వెల చెల్లిస్తున్నావు? ఈ రెండు ప్రశ్నలు లేని పొగడ్త ఎంత తీయగా ఉన్నా అది సగం నిజమే. ఆవు బాగా పాలిస్తుందని పొగుడుతూ గడ్డి వేయనివాడిని మనం గోరక్షకుడు అనము గదా!

ఇటీవలి సంవత్సరాల్లో మనం చూసిన సంగతులు ఈ సగం నిజాన్ని బాగా చూపిస్తాయి. 2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా గుమ్మాల్లో నిలబడి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నిజమైన కృతజ్ఞత ఉంది, దానిని తక్కువ చేయకూడదు. కాని అదే సంవత్సరం ఎన్నో ఆసుపత్రుల్లో నర్సులకు సరిపడినన్ని మాస్కులు, రక్షణ దుస్తులు లేవు. 2005లో మొదలైన ఆశా కార్యకర్తల వ్యవస్థలో పది లక్షలకు పైగా స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి సేవ చేస్తున్నారు. 2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ వారికి అంతర్జాతీయ పురస్కారం ప్రకటించింది. లోకం మెచ్చిన ఆ స్త్రీలు లెక్కలో స్వచ్ఛంద సేవకులుగానే ఉన్నారు. తమను కార్మికులుగా గుర్తించి జీతం ఇవ్వమని వీధుల్లో కూర్చుని అడిగారు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల సంగతి చూస్తే, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన సంఘం 2016లో సిఫార్సులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వరాదన్నది వాటిలో ఒకటి. ఇది సిఫార్సుగా చెప్పవలసి వచ్చిందంటేనే సంగతి అర్థమవుతుంది.

ఇంగ్లాండులో ఉన్న మన పిల్లలకు స్టాఫర్డ్ ఆసుపత్రి పేరు తెలిసే ఉంటుంది. డబ్బు లెక్కలు సరిచేసుకొనే తొందరలో అక్కడ సిబ్బందిని తగ్గించారు. రోగులు దాహంతో, మలినమైన పక్కల మీద పడి ఉండే దుస్థితి వచ్చింది. దాని మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ జరిపిన బహిరంగ విచారణ నివేదిక 2013 ఫిబ్రవరి 6న 290 సిఫార్సులతో వెలువడింది. కరుణ అనేది మనుషులు చాలకపోయినా, సమయం లేకపోయినా గాలిలోంచి ఊడిపడేది కాదని ఆ సంఘటన నేర్పింది.

అయితే సమయం, మనుషులు ఉంటే చాలునా? చాలదు. అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన కెనెత్ ష్వార్జ్ అనే న్యాయవాది నలభై ఏళ్ళ వయస్సులో ఊపిరితిత్తుల కేన్సరుతో మంచాన పడ్డాడు. 1995లో చనిపోయే ముందు ఆయన ఒక వ్యాసం రాశాడు. మందులతో పాటు నర్సులు, డాక్టర్లు చూపిన చిన్న చిన్న ఆదరణలే తనను నిలబెట్టాయని చెప్పాడు. ఖర్చును, నిమిషాలను లెక్కపెట్టే ఆసుపత్రుల్లో అటువంటి ఆదరణ ఎంతకాలం బ్రతుకుతుందోనని కూడా దిగులుపడ్డాడు. ఆయన పేరున ఏర్పడిన కేంద్రం 1997 నుంచి ఆసుపత్రుల్లో ఒక కూడిక ప్రారంభించింది. డాక్టరు, నర్సు మొదలుకొని ఆసుపత్రిలో పనిచేసే వేర్వేరు వర్గాలవారు ఒకచోట కూర్చుంటారు. ఒక రోగిని చూసుకుంటున్నప్పుడు తమ మనస్సుకు ఏమనిపించిందో చెప్పుకుంటారు. తప్పెవరిదని ఎవరూ తీర్పు తీర్చరు. 2009లో ఈ కూడికలు బ్రిటనుకు కూడా వెళ్ళాయి. సాక్ష్యాల కూడిక తెలిసిన మనకు ఇందులోని శక్తి ఏమిటో వివరించనక్కరలేదు. లోపల అణచుకున్న మాట నలుగురిలో పలికినప్పుడు సగం బరువు దిగిపోతుంది.

ఇక్కడ మన విశ్వాసం వైపు నుంచి ఒక అభ్యంతరం రావచ్చు. "సేవ అంటేనే త్యాగం గదా. సిలువ ఎత్తుకొమ్మని మనకు బోధ. అలసట గురించి, జీతం గురించి మాట్లాడితే సేవ విలువ తగ్గదా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. గౌరవించవలసిన ప్రశ్నే. కాని ఒక భేదం మరువరాదు. తన సిలువ తాను ఇష్టపూర్వకంగా ఎత్తుకోవడం త్యాగం. ఇంకొకరి భుజం గట్టిగా ఉందని చూసి దాని మీద సిలువ పెట్టడం త్యాగం కాదు, దానికి వేరే పేరుంది. త్యాగం చేసేవారు త్యాగం గురించి మాట్లాడవచ్చును. దాని వల్ల లాభం పొందేవారు మాట్లాడేటప్పుడు కొంచెం జాగ్రత్త పడాలి.

మంచి సమరయుని కథను మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విన్న ప్రతిసారీ సమరయుని మీదనే మన దృష్టి. ఆ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు, పూటకూళ్ళవాడు. గాయపడినవానికి రాత్రింబగళ్ళు సేవ చేయవలసినవాడు అతడే. సమరయుడు అతనితో నీవు దయగలవాడవు, నీవే చూసుకో అని చెప్పి వెళ్ళిపోలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. అంటే సేవ చేసేవానికి కూలి, ఎక్కువ పని పడితే దానికి లెక్క, తిరిగి వచ్చి అడుగుతాననే మాట, మూడూ ఇచ్చాడు. అలాగే అమాలేకీయులతో యుద్ధం నాడు మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు అతని చేతుల బలాన్ని పొగుడుతూ నిలబడలేదు. కూర్చోవడానికి రాయి వేశారు, చెరొక వైపు నిలిచి చేతులు పట్టుకున్నారు. బలవంతుడైన మోషేకు కూడా రాయి కావలసి వచ్చింది!

మరొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. నర్సు అలసిపోయిందని రోగిని కసరడం, పేదవాణ్ణి చిన్నచూపు చూడడం ఒప్పు కాదు. రోగికి కరుణ భిక్ష కాదు, అతని హక్కు. బలాన్ని చూడడమంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. తప్పు జరిగినప్పుడు తప్పు అని చెప్పాలి. అయితే మంచి చేసినప్పుడు ఎన్నడూ నోరు విప్పనివాడు తప్పు చెప్పడానికి మాత్రమే వస్తే ఆ మాట చెవికెక్కదు. తన మంచిని ఎరిగినవారు చెప్పిన దిద్దుబాటునే మనిషి మనస్సుకు పట్టించుకుంటాడు.

ఇంతకూ మన సంఘాలు ఏమి చేయగలవు? ఆసుపత్రులను మనం నడపకపోవచ్చు. చేతనైనవి మాత్రం చాలా ఉన్నాయి.

మొదటిది, మే 12న నర్సుల దినమని శాలువా కప్పడంతో సరిపెట్టుకోవద్దు. శాలువా కప్పండి, కప్పిన తరువాత పక్కన కూర్చుని అడగండి. "అమ్మా, ఈ ఏడాది నీకు ఏది కష్టమయింది? ఏది నిన్ను నిలబెట్టింది?" అని అడిగి, సమాధానం పూర్తయ్యేదాకా వినండి. మధ్యలో ఉపదేశం చేయవద్దు.

రెండవది, మెచ్చుకొనేటప్పుడు జరిగిన సంగతి చెప్పి మెచ్చుకోండి. "మీరు దేవతలండీ" అనే మాట వినడానికి బాగుంటుంది గాని దేవతకు ఆకలి, నిద్ర, అద్దె ఉండవు. "మా నాన్నగారికి చివరి రోజున మీరు పెదవులు తడిపారు, మేము మరువలేదు" అని ఒక ఉత్తరం ఆసుపత్రి పెద్దలకు రాయండి. ఫిర్యాదుకు దొరికే కాగితం కృతజ్ఞతకు కూడా దొరకాలి.

మూడవది, నైటు డ్యూటీ చేసి వచ్చిన సహోదరి ఆరాధనకు రాకపోతే భక్తి తగ్గిందని అనుకోవద్దు. వచ్చిన రోజున గుడి మెట్ల మీదనే బి.పి. చూడమని, రిపోర్టు చదవమని చుట్టుముట్టవద్దు. ఆదివారం ఆమెకు కూడా ఆదివారమే. ఆమె "ఈ రోజు వద్దండి" అంటే నొచ్చుకోకుండా ఒప్పుకోవడం మనం నేర్చుకోవాలి. కాదనే హక్కు లేనిచోట అవునన్న మాటకు విలువ లేదు. ఇంట్లో కూడా అంతే. ఆమె నిద్రపోయే పగటి వేళ భర్త, అత్తమామలు వంటపని, పిల్లల పని పంచుకుంటే అది ఏ శాలువాకూ తీసిపోదు.

నాలుగవది, మన బంధువు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అటెండెంటుగా మన ప్రవర్తన చూసుకోవాలి. ఒక్క మంచం చుట్టూ పదిమంది చేరితే, అందరూ ఒకే ప్రశ్న అడిగితే, ఆ నర్సు సమయాన్ని పక్క మంచం పేదవాని నుంచి తీసుకున్నట్లే.

చివరిది, మన సంఘాల్లో ఆసుపత్రి కమిటీల్లో ఉన్నవారు, ట్రస్టీలు, స్వయంగా నర్సింగుహోములు నడిపేవారు ఉన్నారు. వారికి ఒక విన్నపం. మీ సంస్థలో మంచి నర్సు ఎవరని అడిగితే వెంటనే ఒక పేరు చెబుతారు. ఆ పేరుగల మనిషికి గడచిన నెలలో ఎన్ని సెలవులు దొరికాయి, ఎన్ని డబల్ డ్యూటీలు పడ్డాయి, జీతం ఎంత అన్నది రిజిస్టరు తెప్పించి చూడండి. మీ మెచ్చుకోలు నిజమో కాదో ఆ రిజిస్టరే చెబుతుంది.

సహోదరీ సహోదరులారా, బలం ఒకరికి అప్పగింపబడిన నిధి. దానిని మనం మెచ్చుకోవాలి, దానితోపాటు కాపాడాలి. రోగి పక్కన నిలబడే చేతులు వణకకుండా ఉండాలంటే ఆ చేతుల కింద మన చేతులు ఉండాలి. బలవంతులను చూసి బరువు పెంచే లోకంలో, వారికి కూర్చోవడానికి రాయి వేసేవారముగా మన సంఘాలు ఉండును గాక.